అప్పగింత మర్యాద
డిజిటల్ భాండాగారములకు వస్తువులను చేర్చు సోర్డ్ నియమావళిని గూర్చి తలిదండ్రులకు

దాచుట వేరు, అప్పగించుట వేరు. ఇంటి అటకమీద పెట్టెలో పెట్టిన పుస్తకము దాచిన పుస్తకము. గ్రంథాలయాధికారి చేతికిచ్చి, పేరు వ్రాయించి, సంఖ్య వేయించి, రసీదు పుచ్చుకొనిన పుస్తకము అప్పగించిన పుస్తకము. మొదటిది దాచినవారికి జ్ఞాపకమున్నంత కాలమే ఉండును. రెండవది వారి తరువాతి తరమువారు వచ్చి అడిగినను దొరకును. తంజావూరి సరస్వతీ మహలులోని తెలుగు వ్రాతప్రతులు నేటి పండితులకు అందుబాటులో ఉన్నవనిన, అవి ఒకచోట చేరుట మాత్రమే అందుకు కారణము కాదు. ఒక్కొక్క ప్రతికి పేరును, సంఖ్యయు ఏర్పడి, అవి పట్టికలకెక్కుట అంతకంటె ముఖ్యమైన కారణము.

ఈ కాలమున మన ఇండ్లలోని వ్రాతలు కాగితముల మీదికంటె సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను ఎక్కువగా చేరుచున్నవి. అమ్మమ్మ పాడిన మంగళహారతి ఒక ఫోనులో ఉన్నది. తాతగారి చేతివ్రాత పుస్తకపు ఛాయాచిత్రములు మరియొక ఫోనులో ఉన్నవి. ఆ ఫోను నీట పడినచో, లేక కొత్తది కొనునప్పుడు పాతదానిని మార్పిడికి ఇచ్చివేసినచో, వాటితోపాటు ఆ పాటయు, ఆ పుస్తకమును పోవును. ఇట్టివానిని దీర్ఘకాలము నిలుపుటకు ఏర్పడిన సంస్థలే డిజిటల్ భాండాగారములు. అట్టి భాండాగారమునకు ఒక వస్తువును ఏ మర్యాదతో అప్పగించవలెనో తెలుపు నియమావళి ఒకటి కలదు. దాని పేరు సోర్డ్. దానిని గూర్చి తలిదండ్రులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము. యంత్రవిద్య ఎరుగనివారికి కూడ సుబోధకముగ నుండుటకై, మనకందరకు పరిచయమైన పాఠశాల ప్రవేశమునే ఉపమానముగ గ్రహించుచున్నాను.

భాండాగారమనగా నేమి?

డిజిటల్ భాండాగారమనగా కంప్యూటరులో నడచు గ్రంథాలయము. పరిశోధన గ్రంథములు, వ్యాసములు, చిత్రములు, ధ్వనిముద్రణలు మొదలగువానిని స్వీకరించి, ఒక్కొక్కదానికి స్థిరమైన చిరునామా నిచ్చి, దాని వివరములను నమోదుచేసి, వెదకువారికి చూపుట దాని పని. ఇట్టి భాండాగారములను నడుపుటకు కొన్ని కంప్యూటరు కార్యక్రమములు ప్రసిద్ధికెక్కినవి. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు 2000లో ఈప్రింట్స్ అను దానిని వెలువరించిరి. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారును, హ్యూలెట్ పాకర్డ్ కంపెనీవారును కలిసి 2002లో డీస్పేస్ అను దానిని వెలువరించిరి. ఈ రెంటిని ఎవరైనను రుసుము లేకయే వాడుకొనవచ్చును.

మన దేశమున బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే ఈప్రింట్స్ సహాయమున తన భాండాగారమును స్థాపించెను. గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నడుపుచున్న శోధగంగ డీస్పేస్ మీద నిర్మింపబడినది. డాక్టరేటు పట్టమునకు సమర్పించు పరిశోధన గ్రంథముల ప్రతులను డిజిటల్ రూపమున కూడ ఇయ్యవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నియమము చేసెను. కావున మన పాఠశాలలో నేడు ఓనమాలు దిద్దుచున్న బిడ్డ రేపు పరిశోధకుడైనచో, ఇట్టి భాండాగారపు వాకిట నిలువక తప్పదు.

చిక్కు ఎక్కడ వచ్చినది?

భాండాగారములు పెరిగినకొలది ఒక చిక్కు బయలుదేరెను. ప్రతి భాండాగారమునకు తన దరఖాస్తు తనకు వేరుగా నుండెను. ముగ్గురు అధ్యాపకులు మూడు విశ్వవిద్యాలయములలో నుండి కలిసి ఒక వ్యాసము వ్రాసిరనుకొందము. ఆ వ్యాసము మూడు భాండాగారములలో చేరవలెను. అప్పుడు అవే పేర్లు, అదే శీర్షిక, అదే తేదీ మూడుచోట్ల మూడు విధముల నింపవలసి వచ్చును. ఒకచోట ఇంటిపేరు ముందు, మరియొకచోట వెనుక. ఒకచోట తేదీ, మరియొకచోట సంవత్సరము మాత్రమే. ఇక వేలకొలది వ్యాసములు ప్రచురించు సంస్థ నూరు భాండాగారములకు వాటిని చేర్చవలెననిన, ఆ శ్రమ చెప్పనలవి కాదు.

ఒక్కొక్క పాఠశాల ఒక్కొక్క నమూనాలో బదిలీపత్రము కోరినచో ఎట్లుండునో ఆలోచింపుడు. ఊరు మారిన తండ్రి బిడ్డ చదువు మాట మరచి కాగితముల వెంట తిరుగవలసి వచ్చును. తుదకు కొందరు విసిగి పిల్లవానిని చేర్పించుటయే మానుకొందురు. పరిశోధకుల విషయమునను అదియే జరిగెను. అప్పగించుట కష్టమైనచోట అప్పగింతయే ఆగిపోవును.

ఇందులో మరియొక విశేషము కలదు. భాండాగారములలో నున్న వస్తువుల వివరములను బయటివారు ఒకే పద్ధతిలో సేకరించుకొనుటకు 2001 నాటికే ఒక ఉమ్మడి నియమావళి ఏర్పడియుండెను. అనగా బయటకు వచ్చు ద్వారమునకు అందరును ఒప్పుకొనిన తాళపుచెవి ఒకటి ఉండెను. లోపలికి పోవు ద్వారమునకు మాత్రము అట్టిది లేకుండెను.

సోర్డ్ పుట్టుక

ఈ కొరత తీర్చుటకై 2007లో బ్రిటనులో ఒక ప్రయత్నము సాగెను. ఉన్నత విద్యాసంస్థల కంప్యూటరు అవసరములను చూచు జిస్క్ అను సంస్థ ధనసహాయము చేసెను. బాత్ విశ్వవిద్యాలయములోని యూకోల్న్ అను కేంద్రము ఆ పనిని నడిపెను. సింపుల్ వెబ్‌సర్వీస్ ఆఫరింగ్ రిపాజిటరీ డిపాజిట్ అను ఆంగ్లపదముల మొదటి అక్షరములు కలిసి సోర్డ్ అను పేరు ఏర్పడెను. భాండాగారములో నిక్షేపించుటకు తోడ్పడు సరళమైన వెబ్ సేవ అని దాని అర్థము. ఆంగ్లమున ఆ మాటకు కత్తి అని అర్థమున్నను, ఇది కోయు కత్తి కాదు, తలుపు తెరచు తాళపుచెవి.

వారు చేసిన తెలివైన పని యేమనగా, సమస్తమును కొత్తగా కల్పింపబూనలేదు. వెబ్‌లో వ్రాతలను ప్రచురించుటకును, సవరించుటకును ఆటమ్ పబ్లిషింగ్ ప్రోటోకాల్ అను నియమావళి అప్పటికే సిద్ధమగుచుండెను. 2007 అక్టోబరులో అది ప్రమాణముగ వెలువడెను. సోర్డ్ కర్తలు దానినే ఆధారముగ గొని, భాండాగారములకు ప్రత్యేకముగ కావలసిన కొలదిపాటి నియమములను మాత్రము చేర్చిరి. 2008లో 1.3 అను రూపము వెలువడెను. డీస్పేస్, ఈప్రింట్స్, ఫెడోరా మొదలైన కార్యక్రమములు దీనిని స్వీకరించుటచే, ఒక భాండాగారము కొరకు కట్టిన కట్టను మరియొకదానికి పంపు మార్గము సులభమయ్యెను.

పని జరుగు విధము

సోర్డ్ పద్ధతిలో అప్పగింత నాలుగు మెట్లుగ జరుగును.

మొదటి మెట్టు అడుగుట. మంచి తండ్రి బిడ్డను చేర్పించుటకు ముందు పాఠశాలకు వచ్చి, ఏయే తరగతులున్నవి, తెలుగు మాధ్యమమున్నదా, ఏ పత్రములు కావలెను అని విచారించును. అట్లే పంపువారి కంప్యూటరు ముందుగ భాండాగారమును విచారించును. భాండాగారము దానికి ఒక సేవాపత్రమును ఇచ్చును. తన వద్ద నున్న విభాగములెవ్వి, ఒక్కొక్క విభాగమున ఏ రకపు ఫైళ్లు స్వీకరింపబడును, ఎంత పరిమాణము వరకు పంపవచ్చును, ఒకరి తరఫున మరియొకరు అప్పగించుటకు వీలున్నదా, అప్పగించిన వస్తువును తాము ఏమి చేయుదురు అను సంగతులన్నియు అందులో ఉండును. అడిగినవారికి చేర్చు హక్కున్న విభాగములను మాత్రమే చూపుటయు కలదు.

రెండవ మెట్టు కట్ట కట్టుట. ఫైలును ఒంటరిగ పంపుట బదిలీపత్రము లేని పిల్లవానిని బడి గుమ్మములో విడిచిపోవుట వంటిది. ఫైలుతోపాటు దాని వివరములు కూడ పోవలెను. శీర్షిక, కర్త, తేదీ, భాష, విషయము, హక్కులు మొదలగు వివరములకు డబ్లిన్ కోర్ అను పట్టిక లోకమంతట వాడుకలో ఉన్నది. 1995లో అమెరికా ఒహాయో రాష్ట్రములోని డబ్లిన్ పట్టణమున జరిగిన సమావేశమున ఇది రూపుదిద్దుకొనుటచే ఆ పేరు వచ్చినది. అందులో మూలాంశములు 15 మాత్రమే. ఫైళ్లను, వివరములను ఏ విధముగ ఒక మూటగ చుట్టితిమో ఆ విధము పేరు కూడ పంపువారు పైన వ్రాయుదురు. మూట విప్పువారికి ముడి తెలియవలెను గదా!

మూడవ మెట్టు అప్పగించుట. పంపువారు తామెవరో నిరూపించుకొని, తగిన విభాగపు చిరునామాకు కట్టను పంపుదురు. ఇక్కడ మూడు చక్కని ఏర్పాటులు కలవు. తండ్రి రాలేక మేనమామ వచ్చి పిల్లవానిని చేర్పించినచో, దాఖలా పుస్తకమున తండ్రి పేరే ఎక్కును గాని మేనమామ పేరు కాదు. అట్లే ఒక గ్రంథాలయోద్యోగి రచయిత తరఫున అప్పగించినచో, ఫలానివారి తరఫున అని తెలుపు వీలు సోర్డులో కలదు. ఇది మొదటి ఏర్పాటు. పత్రములు పూర్తికాని బిడ్డను తాత్కాలికముగ చేర్చుకొనునట్లు, ఈ అప్పగింత ఇంకను ముగియలేదు, మిగిలినది తరువాత పంపుదును అని చెప్పు వీలును రెండవ రూపమున ఏర్పడెను. ఇది రెండవది.

మూడవది దారిలో చెడిపోకుండ కాపాడునది. ఫైలులోని అక్షరములన్నిటిని ఒక లెక్కలో వేసి, 32 గుర్తుల ముద్ర నొకదానిని తీసి కట్టతో పంపుదురు. అవతల భాండాగారము తానును అదే లెక్క వేసి చూచును. ఫైలులో ఒక్క అక్షరము మారినను ముద్ర వేరుగ వచ్చును. ముద్రలు కలియనిచో భాండాగారము కట్టను త్రిప్పి పంపును. ఎండీ5 అను ఆ పాత లెక్కను కావలెనని మోసగింపవచ్చునని తేలుటచే, మూడవ రూపమున షా-256 అను లెక్కకు ప్రాధాన్యమిచ్చిరి. దాని ముద్రకు 64 గుర్తులుండును.

నాలుగవ మెట్టు రసీదు. కట్ట సరిగా చేరి నమోదైనచో భాండాగారము 201 అను సంఖ్యతో సమాధానమిచ్చి, నిక్షేప రసీదును పంపును. అందులో ఆ వస్తువునకు ఏర్పడిన చిరునామా ఉండును. చేరినది గాని పరిశీలన ముగియలేదనుటకు 202 అను సంఖ్య కలదు. ఆ రకపు ఫైలును స్వీకరింపమనుటకు 415, పంపినవారి గుర్తింపు సరిపోలేదనుటకు 401 వచ్చును. నిరాకరణ కూడ కారణముతో వచ్చుట ఈ పద్ధతిలోని మర్యాద. రసీదు రాని అప్పగింతను అప్పగింతగ లెక్కింపరాదు.

మొదటి రూపమున వస్తువును అప్పగించుటతో పని ముగిసెడిది. 2011 ప్రాంతమున రూపొందిన రెండవ రూపమున, రసీదులోని చిరునామాతో మరల వచ్చి తప్పులు దిద్దుటకును, కొత్త ఫైలు చేర్చుటకును, అవసరమైనచో ఉపసంహరించుకొనుటకును, తన వస్తువు ప్రస్తుతము ఏ స్థితిలో నున్నదో విచారించుటకును వీలు కలిగెను. అటుపిమ్మట వచ్చిన మూడవ రూపము ఆటమ్ ఆధారమును విడిచి, మిక్కిలి పెద్ద ఫైళ్లను ముక్కలుగ పంపుటకును, వేరొకచోట నున్న ఫైలు చిరునామా చెప్పి తెప్పించుకొమ్మనుటకును అవకాశమిచ్చెను. బ్రిటనులో జిస్క్ వారి పబ్లికేషన్స్ రూటర్ అను సేవ ప్రచురణకర్తల నుండి వ్యాసములను గైకొని, ఆయా విశ్వవిద్యాలయ భాండాగారములకు ఈ పద్ధతిలోనే చేర్చెను. రచయిత చేయి కదల్చకయే అతని వ్యాసము అతని విశ్వవిద్యాలయమునకు చేరెను.

సోర్డ్ చేయని పనులు

ఇంతవరకు చదివినవారు ఇది సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. సోర్డ్ మోసుకొని పోవునదే గాని కాపాడునది కాదు. కాపాడుట భాండాగారమును నడుపు సంస్థ బాధ్యత. వస్తువు మంచిదా చెడ్డదా అనునదియు దానికి పట్టదు. హక్కుల విచారణయు దాని పని కాదు. మన దేశపు చట్టము ప్రకారము సామాన్యముగ రచయిత మరణించిన సంవత్సరము తరువాత 60 సంవత్సరముల వరకు రచనపై హక్కు వారసులకు ఉండును. అట్టి రచనను వారి అనుమతి లేక పంపినచో, సోర్డ్ ఆపదు. నేరము పంపినవారిదే అగును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. చీటీలో ఏమి వ్రాసితిమో అదియే అవతలికి చేరును. తెలుగువారమైన మనకు ఇక్కడనే జాగ్రత్త కావలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి రూపము నుండియు తెలుగు లిపికి ప్రత్యేక స్థానము కలదు. ఐనను ముద్రణాలయములలో చాలకాలము వేరువేరు పాత ఫాంట్లు వాడబడెను. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరచినచో, తెలుగు అక్షరములకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. సోర్డ్ ఆ గుర్తులను ఒక్కటి తప్పకుండ భద్రముగ చేర్చును. ముద్రలును కలియును, రసీదును వచ్చును. కాని వెదకువానికి ఆ పుస్తకము ఎన్నటికి దొరకదు.

భాష అను గడియు అట్టిదే. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో అచ్చయిన తెలుగు పుస్తకమున్నదనుకొందము. ప్రచురణస్థలమును చూచి ఎవరైనను దాని భాషను తమిళమనియో, కన్నడమనియో, ఒడియా యనియో, మరాఠీ యనియో నింపినచో, లేక ఖాళీగ విడిచినచో, తెలుగు పుస్తకములను వెదకువారి పట్టికలో అది రానే రాదు. ఆంధ్రదేశమున అచ్చయిన పుస్తకమునకు ఈ ప్రమాదము తక్కువ, ఏలననగా అక్కడ ఊరే భాషను సూచించును. మన పుస్తకమునకు మాత్రము ఊరు ఒక భాషను, పుటలు వేరొక భాషను చెప్పును. కావున స్థలము వేరు, భాష వేరు అని రెండు గడులలో స్పష్టముగ వ్రాయుట ఇతరులకంటె మనకు ఎక్కువ అవసరము.

తలిదండ్రులు చేయదగినది

సోర్డ్ నియమావళిని ఇంటిలో ఎవరును నడుపనక్కరలేదు. అది రెండు కంప్యూటరుల నడుమ జరుగు సంభాషణ. గ్రంథాలయము వారును, సంస్థల వారును దానిని ఏర్పాటు చేసికొందురు. కాని కట్టలోని చీటీ మాత్రము ఇంటివారు వ్రాయవలసినదే. ఆ పాటలోని గొంతు ఎవరిదో, ఆ ఛాయాచిత్రములో ఎడమవైపు నిలిచినది ఎవరో, ఏ యంత్రమును చెప్పజాలదు. చెప్పగలవారు ఇంటి పెద్దలు. వారును ఎల్లకాలము ఉండరు.

కావున పాత పుస్తకమునో, పాటనో, వార్షిక సంచికనో భద్రపరచదలచినవారు ముందుగ ఈ ఐదు సంగతులను ఒక కాగితముపై తెలుగున వ్రాసియుంచుట మంచిది. వస్తువు పేరు, దానిని వ్రాసినవారు లేక పాడినవారు, కాలము, ఊరును భాషయు వేరువేరుగ, ఇతరులకు చూపుటకు అనుమతి ఇచ్చినవారు. తేదీ సరిగ తెలియనిచో సుమారు అని వ్రాయవచ్చును గాని, ఊహించి వ్రాయరాదు. పై తరగతుల బాలబాలికలచేత యూనికోడ్ తెలుగులో ఆ కాగితమును టైపు చేయించినచో, పెద్దల జ్ఞాపకమును, పిల్లల నేర్పును ఒకచోట కలియును. పిమ్మట ఏ భాండాగారము స్వీకరించినను ఆ చీటీ పనికివచ్చును.

మన పెండ్లిండ్లలో అప్పగింతలవేళ తలిదండ్రులు బిడ్డ చేతిని పట్టి, ఆమె స్వభావము చెప్పి, ఇకమీదట మీ బిడ్డయని అవతలివారికి ఒప్పగింతురు. అంతటితో పుట్టింటి రాకపోకలు ఆగవు. భాండాగారపు అప్పగింతయు అట్టిదే. పేరు చెప్పి ఇయ్యవలెను, మాట తీసికొనవలెను, మరల వెళ్లి క్షేమము విచారించుకొను దారి నుంచుకొనవలెను. యంత్రములకు ఈ మర్యాదను నేర్పినవారు దూరదేశపు గ్రంథాలయ సేవకులు. మన ఇండ్లలో నున్నదానికి పేరు వ్రాయవలసినవారము మాత్రము మనమే. ఈ వేసవి సెలవులలో ఒక్కొక్క ఇంట ఒక్కొక్క చీటీ యైనను సిద్ధమగును గాక!

— ప్రధానోపాధ్యాయుడు